వండర్‌లా దగ్గర తక్కువ ఖర్చులో రూమ్: తిరుపతి నుంచి అయిదుగురం వెళ్తున్నాం, బిడదిలో తీసుకోవాలా, కెంగేరిలోనా?

స్వాతి_తిరుపతి

అందరికీ నమస్కారం. మాది తిరుచానూరు రోడ్డు. దసరా సెలవుల్లో బెంగళూరు వండర్‌లాకు (నీళ్ళ ఆటలు, రైడ్లు ఉండే పార్కు) తీసుకెళ్తామని పిలకాయలకు పోయినేడే మాటిచ్చాం, ఈసారి ఎలాగైనా వెళ్ళాలి. మొత్తం అయిదుగురం. మేమిద్దరం, తొమ్మిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు, మా అత్తమ్మ. అత్తమ్మకు అరవై మూడు, మోకాళ్ళ నొప్పులు. సొంత కారు లేదు, రైలో బస్సో ఎక్కాల్సిందే.

పార్కు బిడది దగ్గర అని తెలుసు. రూమ్ ఎక్కడ తీసుకోవాలో మాత్రం తేలడం లేదు. యాప్‌లో చూస్తే మైసూరు రోడ్డు వైపున్న బిడది, కెంగేరి, సిటీ మధ్యలో బస్టాండు దగ్గరి మెజెస్టిక్, అన్నిచోట్లా 1,200 నుంచి 6,000 దాకా కనిపిస్తున్నాయి. ఫోటోలన్నీ ఒకేలా ఉన్నాయి, తెల్ల దుప్పటి, దాని మీద మడిచిన తువ్వాలు. రోజుకు 2,500 దాటకూడదు అనుకున్నాం. 'పార్కుకు 2 కిలోమీటర్లు' అని రాసిన లాడ్జి ఒకటి 1,600కు ఉంది. అదే బుక్ చేసేద్దామా? పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చిన వాళ్ళు దయచేసి చెప్పండి.

కుప్పం కుర్రాడు

రూమ్ ఎందుకక్కా? మేం నలుగురు ఫ్రెండ్స్ పొద్దున రైలెక్కి బెంగళూరులో దిగాం, అక్కడి నుంచి మెట్రో, బస్సు. సాయంత్రం దాకా ఆడుకుని రాత్రి రైలుకు కుప్పం వచ్చేశాం. రూముకు పైసా ఖర్చు కాలేదు.

గ్రీమ్స్‌పేట అమ్మ

తమ్ముడూ, మీ వయసులో అది కుదురుతుంది. నాలుగేళ్ళ బిడ్డతో, మోకాళ్ళ నొప్పులున్న మనిషితో కుదరదు.

స్వాతీ, నీ '2 కిలోమీటర్ల లాడ్జి' మాట చూసే ఇది రాస్తున్నా. పోయిన వేసవిలో చిత్తూరు నుంచి మేం వెళ్ళాం. నేను, మా ఆయన, ఇద్దరు మగపిల్లలు. మేమూ మ్యాపు చూసి పార్కుకు అన్నిటికన్నా దగ్గరున్నదే తీసుకున్నాం. పొద్దున వెళ్ళడం సులువుగానే అయింది, లాడ్జి వాళ్ళే ఆటో మాట్లాడి పంపారు. సాయంత్రం పార్కు మూసే టైముకు బయటికొచ్చాం. చిన్నోడు అప్పటికే వాళ్ళ నాన్న భుజం మీద నిద్రపోయాడు. చొక్కా మార్చగలిగాం గానీ నిక్కరు మార్చనివ్వలేదు, అది తడిగానే ఉంది. దొరికిన ఆటో మమ్మల్ని మెయిన్ రోడ్డు దాకా తెచ్చి సర్వీసు రోడ్డులో దించేసి వెళ్ళిపోయింది. ఎదురుగా, రోడ్డుకు అవతల, మా లాడ్జి పేరు ఎర్ర లైట్లతో కనిపిస్తోంది. చదవగలిగేంత దగ్గర. మధ్యలో హైవే, దానికి కంచె. దాటే దారి లేదు. ఇంకో ఆటోను ఆపితే అండర్‌పాస్ దాకా పోయి తిరిగి రావాలి, 200 ఇమ్మన్నాడు. బేరం ఆడేలోపు వేరేవాళ్ళు ఎక్కేశారు. ముప్పావు గంట అక్కడే నిలబడ్డాం. లారీ పోయినప్పుడల్లా ఆ గాలికి పెద్దోడి పళ్ళు టకటక కొట్టుకున్నాయి.

రూముకు చేరాక వేడినీళ్ళు లేవు. సోలారంట, పొద్దున 6 నుంచి 9 దాకానే వస్తాయంట. తడి బట్టలు ఆరేసేందుకు బాల్కనీ లేదు, డాబా మీదికి తాళం. కుర్చీల మీదా కిటికీ చువ్వలకూ వేసి పడుకున్నాం, తెల్లారి ఆ తడి సంచీ మోసుకుంటూ చిత్తూరు బస్సెక్కాం. పెద్దోడికి మూడు రోజులు జ్వరం.

అందుకే చెప్తున్నా, పార్కుకు పొద్దున ఎట్లా పోతామా అని చూడొద్దు. సాయంత్రం తడిసి, అలసి, పిల్లల్ని ఎత్తుకుని ఎట్లా తిరిగొస్తామా అని చూసి రూమ్ తీసుకో.

కెంగేరి చిత్తూరోడు

అక్క చెప్పింది అక్షరాలా నిజం. నేను పుట్టింది చిత్తూరులో, తొమ్మిదేళ్ళుగా కెంగేరిలో ఉంటున్నా. ఈ ఇబ్బంది ఎందుకొస్తుందో చెప్తా.

బెంగళూరు-మైసూరు కొత్త హైవే 2023 మార్చిలో మొదలైంది. మధ్యలో ఆరు వరుసలు, పక్కన సర్వీసు రోడ్లు. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి మధ్య రోడ్డు మీదికి ఆటోలు, బైకులు, ట్రాక్టర్లు రానివ్వడం లేదు. అంటే ఆటో ఎక్కితే సర్వీసు రోడ్డే గతి, అవతలి వైపు పోవాలంటే అండర్‌పాస్ వచ్చేదాకా ఆగాలి. మ్యాపులో గీత గీసి 2 కిలోమీటర్లు అని చూపిస్తుంది, ఆటో మీటరు మీద అది అయిదు కావచ్చు. కాబట్టి లాడ్జికి ఫోన్ చేసినప్పుడు 'పార్కు ఎంత దూరం' అని అడక్కండి. 'మీరు పార్కు వైపున్నారా, అవతలి వైపున్నారా, సాయంత్రం ఆటోలో రావాలంటే ఎట్లా తిరిగి రావాలి' అని అడగండి. సరిగ్గా చెప్పలేకపోతే ఆ లాడ్జి వదిలేయండి.

ఇక ఊరి సంగతి. బిడది ఊరు పాత మైసూరు రోడ్డు మీద ఉంది, కొత్త హైవే ఊళ్ళోకి రాకుండా పక్కనుంచి పోతుంది. పార్కు బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు బిడది కంటే ముందే, మెయిన్ రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. బిడదిలో టయోటా ఫ్యాక్టరీ ఉంది కదా, కంపెనీ పని మీద వచ్చేవాళ్ళు దిగే చిన్న హోటళ్ళు అక్కడ కొన్ని ఉన్నాయి. హంగులుండవు, శుభ్రంగా ఉంటాయి. సొంత కారున్న వాళ్ళకు నేను బిడదే చెప్తా.

మీకు కారు లేదు కాబట్టి కెంగేరి. మెట్రో పర్పుల్ లైన్ 2023 అక్టోబరులో కెంగేరి దాటి చల్లఘట్ట దాకా వచ్చింది. రైల్వే స్టేషన్ నుంచి, మెజెస్టిక్ నుంచి ఒకే మెట్రోలో కూర్చుని కెంగేరిలో దిగొచ్చు. మారక్కర్లేదు. స్టేషన్లలో లిఫ్టు ఉంటుంది, మీ అత్తమ్మకు మెట్లెక్కే పని లేదు. కెంగేరి నుంచి పార్కుకు క్యాబు మాట్లాడుకోండి, అయిదుగురు కాబట్టి పెద్ద బండి.

పలమనేరు మిత్ర

మెజెస్టిక్ ఎవరూ చెప్పడం లేదేం? పని మీద నెలకు రెండుసార్లు పోతుంటా. చవక రూములంటే మెజెస్టిక్, గాంధీనగరే. మన బస్సు దిగిన చోటే నడిచి పోవచ్చు. తెలుగు మాట్లాడే వాళ్ళూ ఎక్కువ.

కెంగేరి చిత్తూరోడు

అన్నా, ఒంటరిగా పని మీద వచ్చేవాళ్ళకు అది బాగుంటుంది, కాదనను. కానీ మెజెస్టిక్ నుంచి పార్కు ముప్పై కిలోమీటర్ల దాకా ఉంటుంది. సాయంత్రం పార్కు వదిలే టైములో మైసూరు రోడ్డు మీద సిటీలోకి ట్రాఫిక్ ఎట్లా ఉంటుందో మీకు తెలియనిది కాదు. నాయండహళ్ళి దాటేలోపే పిల్లలు ఆకలికి ఏడుస్తారు. రూములో మిగిలిన 500 ఆ దారిలోనే పోతాయి.

పలమనేరు మిత్ర

ఆ ట్రాఫిక్ మాట నిజమే. నేను సాయంత్రం పూట అటు వెళ్ళింది తక్కువ. పిల్లలతో అయితే కెంగేరే మేలు.

రిసెప్షన్ మురళి

నేను తిరుపతిలో ఒక లాడ్జి రిసెప్షన్‌లో పన్నెండేళ్ళుగా పని చేస్తున్నా. కౌంటర్ అవతలి వైపు నుంచి నాలుగు మాటలు చెప్తా, ఏ ఊరికి పోయినా పనికొస్తాయి.

మన తిరుపతిలో చాలా లాడ్జీలు 24 గంటల చెకౌట్ ఇస్తాయి. సాయంత్రం 4కు దిగితే మర్నాడు 4 దాకా మీదే. భక్తులు ఏ వేళకైనా వస్తారు కాబట్టి ఇక్కడ అట్లా కుదిరింది. బెంగళూరులో ఎక్కువచోట్ల మధ్యాహ్నం 12కు చెకిన్, 11కు చెకౌట్. మీరు తెల్లవారుజామున దిగుతారు, పార్కు తెరిచేది 11కు. ఆ ఆరు గంటలు ఎక్కడుంటారు? ముందు దీనికి జవాబు చూసుకోండి, రేటు తర్వాత.

ఉదయం 7కే రూమ్ ఇవ్వడమనేది ముందు రోజు రాత్రి ఆ రూమ్ ఖాళీగా ఉందా లేదా అన్నదాని మీద ఉంటుంది. శనివారం రాత్రి హోటల్ నిండితే ఆదివారం పొద్దున ఎవరు అడిగినా ఇవ్వలేం. సోమవారం రాత్రి సగం ఖాళీగా ఉంటే మంగళవారం పొద్దున మీరు అడగ్గానే తాళం ఇస్తాం, మాకు పోయేది దుప్పటి ఉతికే ఖర్చే. కాబట్టి మంగళ, బుధవారాలు పెట్టుకుని, ముందే ఫోన్ చేసి 'పొద్దున 7కు చెకిన్ కావాలి' అని అడిగి, ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి.

రెండోది మంచాల సంగతి. మన ఊళ్ళో నాలుగు మంచాల గదులు మామూలు. అక్కడ ఎక్కువగా ఇద్దరికే కడతారు. 'ఎక్స్‌ట్రా బెడ్' అంటే నేల మీద వేసే పరుపు. మీ అత్తమ్మకు మంచం ఇచ్చి మీరెక్కడ పడుకుంటారో లెక్క వేసుకోండి. అయిదుగురం అని బుకింగ్‌లోనే రాయండి. ఇద్దరని రాసి అయిదుగురు దిగితే కౌంటర్ దగ్గర తలకు ఇంత అని అడుగుతారు, అడగడం న్యాయమే కూడా. నాలుగేళ్ళ బాబుకు చాలాచోట్ల వేరే ఛార్జీ ఉండదు, తొమ్మిదేళ్ళ పాపకు ఉండొచ్చు.

స్వాతి_తిరుపతి

అమ్మో, నేను ఇద్దరు పెద్దవాళ్ళు అని పెట్టే వెతికాను! అందుకే అన్నీ చవగ్గా కనిపించాయి. మురళి అన్నా, ఇప్పుడు అయిదుగురు అని పెడితే అదే లాడ్జి 2,900 చూపిస్తోంది.

గ్రీమ్స్‌పేట అక్కా, మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించా. ఆ లాడ్జి వాళ్ళకు ఫోన్ చేసి ఏ వైపని అడిగారు. 'హైవే పక్కనే సార్' అన్నారు గానీ ఏ పక్కో చెప్పలేదు. వదిలేశాం.

పుత్తూరు ప్రయాణికుడు

మీరంతా బెంగళూరే అంటున్నారు, చెన్నై వండర్‌లా సంగతి ఎవరూ ఎత్తలేదు. 2025 డిసెంబరులో తెరిచారు కదా, తిరుప్పోరూరు దగ్గర. తిరుపతి నుంచి బెంగళూరు 250 కిలోమీటర్లు, చెన్నై 140 లోపే. మేం కారులో వెళ్ళాం. పొద్దున 6కు పుత్తూరులో బయలుదేరి, పార్కు చూసి, రాత్రికి ఓఎంఆర్‌లో (చెన్నై పాత మహాబలిపురం రోడ్డు) ఒక హోటల్‌లో ఉన్నాం. అక్కడ హోటళ్ళు సాఫ్ట్‌వేర్ కంపెనీలకు వచ్చేవాళ్ళ కోసం కట్టినవి. వారం మధ్యలో రేటెక్కువ, శని ఆదివారాలు తక్కువ. మహాబలిపురంలో దీనికి సరిగ్గా తిరగేసి ఉంది, శనివారం అడిగితే డబుల్ చెప్పారు. రెండూ పార్కుకు దగ్గరే. ఉద్యోగాల వల్ల శని ఆదివారాలే కుదిరే వాళ్ళు ఈ లెక్క చూసుకోవచ్చు.

గ్రీమ్స్‌పేట అమ్మ

కారుంటే అది మంచి మాటే. బస్సులో పోయేవాళ్ళకు కాదు. మన బస్సులు ఎక్కువగా మాధవరంలో దింపుతాయి, అది చెన్నైకి ఉత్తరపు కొస. తిరుప్పోరూరు దక్షిణాన. ఊరంతా దాటి పోవాలి.

స్వాతి_తిరుపతి

అవును, మాకు బెంగళూరే నయం. తిరుపతి నుంచి చామరాజనగర్ పోయే ఎక్స్‌ప్రెస్ ఉంది, రాత్రి ఎక్కితే తెల్లవారుజామున బెంగళూరు. బస్సులో ఆరు గంటలు కూర్చోవడం అత్తమ్మ వల్ల కాదు, బెర్తు అయితే నడుం వాలుస్తుంది.

ఇంకో సందేహం. అత్తమ్మ 'నాకు ఆ ఆటలెందుకు, టికెట్ డబ్బులు దండగ, నేను రూములోనే ఉంటా, మీరు పోయిరండి' అంటోంది. లోపలికి వచ్చే ప్రతివాళ్ళకూ టికెట్ కావాలి కదా. ఆమెను రూములో వదిలి వెళ్ళొచ్చా?

రిసెప్షన్ మురళి

వదిలి వెళ్ళేటట్టయితే రూము ఎంపిక మొత్తం మారిపోతుంది. లిఫ్టు ఉండాలి, కరెంటు పోతే లిఫ్టుకు జనరేటరు ఉందా అడగాలి. వెస్టర్న్ టాయిలెట్, పక్కన పట్టుకునే కడ్డీ ఉంటే ఇంకా మంచిది. భోజనం రూముకు తెచ్చిచ్చే హోటల్ అయ్యుండాలి. పెద్దావిడ ఒక్కతే ఉందని డ్యూటీలో ఉన్నవాళ్ళకు చెప్పి వెళ్ళాలి. మా దగ్గర ఇట్లా పెద్దవాళ్ళను వదిలి కొండకు పోతుంటారు, గంటకోసారి రూమ్ బాయ్‌ను పంపి తలుపు కొట్టి చూడమంటాం. అందరూ అట్లా చూస్తారని నేను హామీ ఇవ్వలేను.

గ్రీమ్స్‌పేట అమ్మ

తీసుకుపో స్వాతీ. భాష రాని ఊళ్ళో, నాలుగు గోడల మధ్య ఎనిమిది గంటలు ఎట్లా ఉంటుంది ఆమె? పెద్దవాళ్ళు 'నేనుంటాలే' అనేది మీ డబ్బు మిగల్చాలనే. సీనియర్ సిటిజన్లకు టికెట్ వేరేగా తక్కువ ఉంటుంది, ఆధార్ కార్డు పెట్టుకో. లోపల చెట్లు బాగా ఉన్నాయి, కూర్చునే చోటుంది. మీరు రైడ్లు ఎక్కేటప్పుడు బాబును చూసుకునే మనిషీ ఆమే అవుతుంది. నేను ఆ రోజంతా చిన్నోడి కోసం కిందే ఉండిపోయా, ఒక్క రైడూ ఎక్కలేదు.

ఇంకో సంగతి, పిల్లల టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. 85 సెంటీమీటర్ల లోపు ఉచితం, 140 లోపు పిల్లల టికెట్. ఇంట్లోనే గోడకు నిలబెట్టి టేపుతో కొలుచుకో. నీళ్ళలోకి కాటన్ బట్టలతో, చీరతో దిగనివ్వరు, నైలాను లాంటివే వేసుకోవాలి. గాంధీ రోడ్డులో ముందే కొనేయి. చిత్రాన్నం కట్టుకుపోదామనుకోవద్దు, బయటి తిండి లోపలికి రానివ్వరు. పార్కు 11కు తెరుస్తారు కాబట్టి పొద్దున కడుపు నిండా టిఫిన్ చేసి పోండి.

కెంగేరి చిత్తూరోడు

టిఫిన్ అంటే గుర్తొచ్చింది. బిడది తట్టె ఇడ్లీ తినకుండా రావద్దు. పళ్ళెమంత ఇడ్లీ, మీద వెన్న. పిల్లలకు ఒకటి చాలు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి, దసరా. మైసూరు దసరాకు జనం అంతా ఈ రోడ్డు మీదే పోతారు. విజయదశమికి ముందు నాలుగు రోజులు, తర్వాత వచ్చే ఆదివారం దాకా మైసూరు రోడ్డు వెంబడి హోటళ్ళు రేటు పెంచుతాయి, పార్కూ కిక్కిరిసిపోతుంది. సెలవులు మొదలైన వెంటనే వచ్చే మంగళవారమో బుధవారమో రండి. నవరాత్రుల మొదటి రోజుల్లో ఇంత రద్దీ ఉండదు.

రెండు, తిరుగు బండి. పార్కు మూసే వేళకు వందలమంది ఒకేసారి యాప్‌లో క్యాబు పెడతారు, రేటు కళ్ళ ముందే పెరుగుతుంది. పొద్దున తెచ్చిన డ్రైవరునే రానూపోనూ మాట్లాడేసుకోండి. ఎక్కడ నిలబడతాడో ఫోటో తీసి పెట్టుకోండి. మూసే టైముకు అరగంట ముందే బట్టలు మార్చుకుని బయటపడితే అసలు టెన్షన్ ఉండదు.

కుప్పం కుర్రాడు

పార్కు పక్కనే వాళ్ళదే వండర్‌లా రిసార్ట్ ఉంది కదా? అందులో దిగితే ఈ ఆటోల గొడవే ఉండదు.

రిసెప్షన్ మురళి

ఉంది. సౌకర్యం చూస్తే అంతకన్నా దగ్గర ఇంకేదీ లేదు. స్వాతిగారి 2,500లో మాత్రం రాదు. ఇలాంటి చోట బుక్ చేసేవాళ్ళు పన్ను కూడా చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ 12 శాతం నుంచి 5కు తగ్గింది. 7,500 దాటితే 18. పండగ రోజుల్లో 7,400 గది 7,700 అయిందంటే పన్ను ఒక్కటే వెయ్యి రూపాయలు పెరిగిపోతుంది. మీ చిన్న లాడ్జిలో ఎవరైనా ఇంకా 12 శాతం వేస్తే బిల్లు అడగండి.

యాప్‌లో 'హోటల్‌లో చెల్లించండి' అని బుక్ చేసుకుని ధీమాగా ఉండొద్దు. రద్దీ రోజున అడ్వాన్సు లేని బుకింగునే ముందు రద్దు చేస్తారు. మా రంగంలో ఇది జరుగుతుంది, చెప్పడానికి నాకు బాధగానే ఉంది. యాప్‌లో రేటు చూడండి, తర్వాత హోటల్‌కే ఫోన్ చేయండి. యాప్‌కు ఇచ్చే కమీషన్ మిగులుతుంది కాబట్టి చాలామంది కొంత తగ్గిస్తారు, లేదా ఆ రేటుకే టిఫిన్ కలుపుతారు. వెయ్యి రూపాయలు అడ్వాన్సు పంపి రసీదు తీసుకోండి. బయలుదేరే సాయంత్రం ఇంకోసారి ఫోన్ చేసి గుర్తు చేయండి.

అన్నిటికన్నా ముఖ్యం, 'సాయంత్రం 7 గంటలకు వేడినీళ్ళు వస్తాయా' అని అడగండి. గీజరా, సోలారా అని. 24 గంటలు అని బోర్డు మీద రాసి ఉన్నా అడగండి.

స్వాతి_తిరుపతి

అందరూ ఇంత ఓపిగ్గా రాసినందుకు ఏం చెప్పాలో తెలియడం లేదు. ఈ రోజు కెంగేరిలో ఏడు హోటళ్ళకు ఫోన్ చేశా. మెట్రో నుంచి ఎంత నడక, అయిదుగురికి మంచాలు, పొద్దున చెకిన్, సాయంత్రం వేడినీళ్ళు, బట్టలు ఆరేసే చోటు, ఇవే అడిగా. నలుగురు సరిగ్గా మాట్లాడలేదు. ఒకరు పొద్దున చెకిన్‌కు సగం రోజు అద్దె అదనం అన్నారు. ఇద్దరు ఒప్పుకున్నారు, వాళ్ళలో ఒకరి దగ్గర లిఫ్టు ఉంది. రెండు పెద్ద మంచాలు, ఒక పరుపు, పన్నుతో కలిపి 2,310. బుధవారానికి అడ్వాన్సు పంపేశాం. వాట్సాప్‌లో 'మార్నింగ్ 7 చెకిన్ ఓకే' అని రాశారు.

పాప 131 సెంటీమీటర్లు, బాబు 102. ఇద్దరికీ పిల్లల టికెట్టే.

స్వాతి_తిరుపతి

వెళ్ళొచ్చాం! నిన్న రాత్రే ఇల్లు చేరాం. మీరందరూ చెప్పారు కాబట్టి ఎట్లా జరిగిందో రాయడం నా బాధ్యత.

రైలు దిగి, స్టేషన్‌లోనే కాసేపు కూర్చుని మెట్రో ఎక్కాం. 7కు ముందే హోటల్‌లో ఉన్నాం. కౌంటర్ దగ్గరబ్బాయి 12 గంటలకు అన్నాడు. వాట్సాప్ చూపించగానే లోపల కనుక్కుని తాళం ఇచ్చాడు. పిల్లలు రెండు గంటలు నిద్రపోయారు, అత్తమ్మ వేడినీళ్ళతో స్నానం చేసి కాళ్ళు చాపుకుని పడుకుంది. ఆ రెండు గంటల నిద్ర వల్లే సాయంత్రం దాకా అందరం నిలబడగలిగాం.

క్యాబు రానూపోనూ 1,700కు కుదిరింది. ముందు తట్టె ఇడ్లీ కోసం బిడది పోయి, వెనక్కొచ్చి పార్కులో దిగాం. బుధవారం కాబట్టి క్యూలు పెద్దగా లేవు.

అత్తమ్మ వచ్చింది. పొద్దున దాకా రానంటూనే ఉంది, పాప చెయ్యి పట్టుకుని లాగింది. మొదట చెట్టు కింద బెంచీ మీద సంచులు పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి బాబును తీసుకుని చిన్నపిల్లల రైడ్ల వైపు తనే వెళ్ళింది. మేం అలల కొలను నుంచి వచ్చేసరికి ఇద్దరూ గుండ్రంగా తిరిగే గుర్రాల మీద ఉన్నారు. చీర కొంగు నడుముకు దోపుకుని, ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో వాడి నడుము పట్టుకుని ఉంది. దిగాక 'ఇంకోసారి ఎక్కుదామా నానమ్మా' అని వాడంటే మళ్ళీ లైనులో నిలబడింది. మేం ఆమెను రూములో వదిలి ఉంటే నేను నన్ను క్షమించుకునేదాన్ని కాదు. గ్రీమ్స్‌పేట అక్కా, మీకు చేతులెత్తి దండం.

మూసే టైముకు అరగంట ముందు బయటపడ్డాం. డ్రైవరు చెప్పిన చోటే ఉన్నాడు. రూములో గీజరు పని చేసింది. డాబా మీద తీగలు కట్టి ఉన్నాయి, తడి బట్టలన్నీ అక్కడ వేశాం, పొద్దున్నకు ముప్పాతిక ఆరాయి.

గ్రీమ్స్‌పేట అమ్మ

చదువుతుంటే కళ్ళు చెమర్చాయి తల్లీ. ఎవరికీ జ్వరం రాలేదు కదా?

స్వాతి_తిరుపతి

లేదక్కా. బాబు ఇంకా గుర్రం గుర్రం అంటూనే ఉన్నాడు.

రిసెప్షన్ మురళి

సంతోషం. మా అక్కవాళ్ళు కార్తీకమాసంలో వెళ్దామంటున్నారు. ఆ హోటల్‌లో ఏ అంతస్తు అడగమంటారు?

స్వాతి_తిరుపతి

రెండో అంతస్తులో వెనకవైపు గది అడగమనండి అన్నా. మాకు ముందు రోడ్డువైపు ఇచ్చారు, లారీల మోతకు అత్తమ్మ కూర్చునే ఉంది. రాత్రి 10కి అడిగితే మార్చారు, ముందే చెప్పి ఉంటే ఆ పాట్లు తప్పేవి. కిటికీకి దోమల జాలీ ఉంది గానీ ఒక మూల ఊడింది, దోమల కాయిల్ పెట్టుకుపొమ్మనండి.